యంత్రం నాడి కంప్యూటర్‌కు చేరేదెలా? భిలాయ్ ఉక్కు నేపథ్యంలో వేగవంతమైన డేటా సేకరణ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారం పేరు చెప్పగానే రైలు పట్టాలు గుర్తొస్తాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఈ కర్మాగారం దశాబ్దాలుగా భారతీయ రైల్వేకు ప్రధాన పట్టాల సరఫరాదారు. ఇక్కడి యూనివర్సల్ రైల్ మిల్లు 130 మీటర్ల పొడవున్న పట్టాను అతుకు లేకుండా ఒకే ముక్కగా చుడుతుంది. అలాంటి రెండింటిని వెల్డింగ్‌తో కలిపి 260 మీటర్ల ప్యానెల్‌గా రైల్వేకు పంపుతారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మిల్లు సైరన్, షిఫ్టు డ్యూటీ ఇంటి మాటలే.

ఇంత పెద్ద కర్మాగారం నడక చివరికి మోటార్లు, గేర్‌బాక్సులు, పంపులు, ఫ్యాన్లు, వాటిలోని బేరింగుల మీద ఆధారపడి ఉంటుంది. బేరింగు ఒక్కసారిగా విరిగిపోదు. వారాల ముందు నుంచే దాని కంపనంలో తేడా కనిపిస్తుంది. ఆ తేడాను పట్టుకోవాలంటే సెకనుకు వేల సార్లు కొలవాలి, కొలిచిన ప్రతి విలువా కంప్యూటర్‌కు చేరాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే మైక్రోకంట్రోలర్ బోర్డులు ఇప్పుడు ఈ పని చేయగలవు. అందుకే ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల నుంచి కర్మాగారాల మెయింటెనెన్స్ విభాగాల దాకా వీటి ప్రయోగాలు పెరిగాయి. కొలవడం తేలికే. కొలిచినదాన్ని ఒక్క విలువ కూడా జారిపోకుండా అవతలికి చేర్చడం దగ్గరే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి.

దేనికి ఎంత వేగం?

అన్ని సంకేతాలకూ వేగం అక్కర్లేదు. కొలిమి గోడ ఉష్ణోగ్రత, ట్యాంకులో నీటి మట్టం, నీటి సరఫరా ఒత్తిడి వంటివి సెకనుకు ఒకటి రెండు సార్లు కొలిస్తే చాలు. 2014 జూన్‌లో భిలాయ్‌లో పంప్‌హౌస్ దెబ్బతిని, గ్యాస్ శుద్ధి విభాగానికి వెళ్లే నీటి ఒత్తిడి పడిపోయి, కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు మరణించారు. నీటి ఒత్తిడి పడిపోవడాన్ని గుర్తించడానికి వేగవంతమైన కొలత అవసరం లేదు. కావలసింది నమ్మకమైన కొలత, తక్షణ హెచ్చరిక, ప్రత్యామ్నాయ సరఫరా. పంపు ఆగిపోకముందే దాని బేరింగు పాడవుతోందని తెలుసుకోవాలంటే మాత్రం వేగం కావాలి. ఈ తేడా తెలియకపోతే అవసరం లేనిచోట డేటా కుప్పలు పడుతుంది, అవసరమైన చోట చూపు చాలదు.

నిమిషానికి 1,500 చుట్లు తిరిగే మోటారును తీసుకుందాం. అంటే సెకనుకు 25 చుట్లు. దాని బేరింగులో 9 బంతులు ఉంటే, బయటి రింగుపై పడిన గాటు మీదుగా సెకనుకు సుమారు 90 సార్లు బంతులు దొర్లుతాయి. లోపలి రింగుపై గాటు అయితే సుమారు 135 సార్లు. ఈ సంఖ్యలు చిన్నవే. కానీ బంతి గాటును తాకిన ప్రతిసారీ గంట కొట్టినట్టు లోహం మోగుతుంది. ఆ మోత కొన్ని వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. లోపం తొలిదశలో ఉన్నప్పుడు జాడ అక్కడే దొరుకుతుంది.

10,000 హెర్ట్జ్ వరకు చూడాలంటే, సూత్రం ప్రకారం సెకనుకు కనీసం అంతకు రెట్టింపు శాంపిళ్లు కావాలి. కంపన పరికరాల్లో సాధారణంగా 2.56 రెట్లు తీసుకుంటారు. అంటే సెకనుకు 25,600. అంతకంటే ఎక్కువ పౌనఃపున్యాలను సెన్సార్ దగ్గరే ఫిల్టర్‌తో ఆపాలి. లేకపోతే 24,000 హెర్ట్జ్ కంపనం 1,600 హెర్ట్జ్ కంపనం వేషంలో డేటాలోకి దూరుతుంది. ఒకసారి దూరాక దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వేరు చేయలేదు.

సెన్సార్ ఎంపిక కూడా ఇక్కడే తేలాలి. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే ఎంపీయూ 6050 చిప్‌లోని యాక్సిలరోమీటర్ సెకనుకు గరిష్ఠంగా 1,000 విలువలే ఇస్తుంది. దాని వెనుక ఎంత వేగవంతమైన బోర్డు పెట్టినా బేరింగు తొలి లోపం కనబడదు. అనలాగ్ డివైజెస్ సంస్థ తయారుచేసే ఏడీఎక్స్‌ఎల్ 1002 వంటివి 11,000 హెర్ట్జ్ వరకు స్పందిస్తాయి.

లెక్క ముందు, వైరు తర్వాత

ఎన్ని బైట్లు పుడుతున్నాయో తెలియకుండా వాటిని పంపే దారిని ఎంచుకోకూడదు. అందరికీ తెలిసిన ఆర్డుయినో ఊనో బోర్డుతో మొదలుపెడదాం. మామూలు సెట్టింగులలో అది సెకనుకు సుమారు 9,600 సార్లు అనలాగ్ విలువను కొలవగలదు. దాన్ని కంప్యూటర్‌కు కలిపే సీరియల్ లింకును 115,200 బాడ్ వేగంతో నడిపితే, ఒక్కో బైటుకు ముందూ వెనుకా ఒక్కో బిట్ కలిసి మొత్తం 10 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 11,520 బైట్లే వెళతాయి.

ఇప్పుడు '1023' అనే విలువను అంకెలుగా రాసి, వరుస మారే రెండు గుర్తులు చేర్చి పంపితే 6 బైట్లు ఖర్చవుతాయి. అంటే సెకనుకు 1,920 విలువలే చేరతాయి. అదే విలువను రెండు బైట్ల బైనరీగా పంపితే 5,760 చేరతాయి. బోర్డు మారలేదు, వైరు మారలేదు, రాసే పద్ధతి మారేసరికి మూడు రెట్లు లాభం. అయినా కొలిచిన 9,600లో అది 60 శాతమే. మిగతావి ఎక్కడో పోవాలి, లేదా కొలత నెమ్మదించాలి.

మూడు దిశల్లో కంపనాన్ని కొలిచే బోర్డుకు లెక్క ఇలా ఉంటుంది: సెకనుకు 25,600 శాంపిళ్లు, 3 దిశలు, ఒక్కోదానికి 2 బైట్లు. మొత్తం సెకనుకు 1,53,600 బైట్లు. గంటకు సుమారు 553 మెగాబైట్లు. రోజంతా నడిపితే 13 గిగాబైట్లు దాటుతుంది. ఒక్క మోటారుకే ఇంత.

మూడు దారులు

సీరియల్ లింకు అన్నిటికంటే సరళమైనది. 9,21,600 బాడ్‌తో నడిపినా సెకనుకు 92,160 బైట్లే పోతాయి కాబట్టి పై లెక్కకు అది చాలదు. 20 లక్షల బాడ్‌తో నడిపితే సెకనుకు 2 లక్షల బైట్లు పోతాయి, సరిపోతుంది. అయితే అంత వేగాన్ని మధ్యలో ఉండే సీరియల్ నుంచి యూఎస్‌బీకి మార్చే చిప్ తట్టుకోవాలి. ఎఫ్‌టీడీఐ సంస్థ ఎఫ్‌టీ232ఆర్ చిప్ 30 లక్షల బాడ్ వరకు వెళుతుంది. చవక బోర్డులపై ఉండే చిప్‌లన్నీ అంత దూరం రావు.

నేరుగా యూఎస్‌బీ ఉన్న మైక్రోకంట్రోలర్ రెండో దారి. 'ఫుల్ స్పీడ్' యూఎస్‌బీ వేగం సెకనుకు 1.2 కోట్ల బిట్లు అని రాసి ఉంటుంది. దాన్ని 8తో భాగించి 15 లక్షల బైట్లు వస్తాయనుకుంటే పొరపాటు. ఈ పద్ధతిలో ప్రతి మిల్లీసెకనుకూ 64 బైట్ల ప్యాకెట్లు గరిష్ఠంగా 19 పడతాయి. అంటే సెకనుకు 12,16,000 బైట్లు. అదీ అదే తీగపై మరో పరికరం లేనప్పుడు. 2021 జనవరిలో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డులోని చిప్ సెకనుకు 5 లక్షల శాంపిళ్లు తీయగలదు. వాటిని 2 బైట్ల చొప్పున పంపితే 10 లక్షల బైట్లు, అంటే దారి దాదాపు నిండిపోతుంది. ఆ శాంపిల్‌లో ఉండేవి 12 బిట్లే కాబట్టి రెండు శాంపిళ్లను 3 బైట్లలో సర్దితే 7,50,000కు దిగుతుంది, ఊపిరి ఆడుతుంది. అంతకు మించి కావాలంటే టీన్సీ 4.1 వంటి, సెకనుకు 48 కోట్ల బిట్ల 'హై స్పీడ్' యూఎస్‌బీ ఉన్న బోర్డులకు వెళ్లాలి.

యూఎస్‌బీలో పరికరం తనంతట తాను ఏమీ పంపలేదు. కంప్యూటర్ అడిగినప్పుడే ఇస్తుంది. కంప్యూటర్ వేరే పనిలో పడి అడగడం ఆలస్యం చేస్తే డేటా బోర్డులోనే ఆగిపోతుంది. ఇబ్బందులన్నీ మొదలయ్యేది ఇక్కడే.

మూడోది ఈథర్‌నెట్. 100 మీటర్ల వరకు తీగ లాగవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా విద్యుత్ వేర్పాటు దానిలోనే ఉంటుంది. టీసీపీ పద్ధతిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపుతారు, కానీ అందాకా పాతదాన్ని బోర్డు తన మెమరీలో దాచుకోవాలి. యూడీపీలో ఆ భారం లేదు, పోయింది పోయినట్టే. యూడీపీ వాడేవారు ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య తప్పక వేయాలి.

కుళాయి కింద రెండు బిందెలు

ప్రాసెసర్ ఒక శాంపిల్ తీసి, పంపి, మళ్లీ తీసే పద్ధతిలో రాస్తే పంపే సమయంలో కొలత ఆగుతుంది. శాంపిళ్ల మధ్య దూరం సమానంగా ఉండదు. అలా దూరాలు తప్పిన డేటాపై పౌనఃపున్య విశ్లేషణకు అర్థం లేదు.

దీనికి పరిష్కారం డీఎంఏ. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కొలత విలువలను నేరుగా మెమరీలోకి చేర్చే హార్డ్‌వేర్ ఇది. టైమర్ కచ్చితమైన వ్యవధిలో కొలతను మొదలుపెడుతుంది, డీఎంఏ దాన్ని మెమరీలో పెడుతుంది. ఆ మెమరీని రెండు భాగాలు చేస్తారు. కుళాయి కింద ఒక బిందె నిండుతుండగా, నిండిన రెండో బిందెను ఇంట్లో పోసి వచ్చినట్టే. మొదటి భాగం నిండగానే ప్రాసెసర్‌కు కబురు వెళుతుంది. అది ఆ భాగాన్ని పంపుతుండగా డీఎంఏ రెండో భాగాన్ని నింపుతుంది.

పై ఉదాహరణలో 10 మిల్లీసెకన్లకు 256 వరుసల శాంపిళ్లు వస్తాయి, అంటే 1,536 బైట్లు. ఒక్కో బిందె పరిమాణం అది. రెండో బిందె నిండేలోపు, అంటే 10 మిల్లీసెకన్లలోపు మొదటిది ఖాళీ కావాలి.

విండోస్ గానీ లినక్స్ గానీ 10 మిల్లీసెకన్లకు ఒకసారి తప్పక అడుగుతామని హామీ ఇవ్వవు. వైరస్ స్కానర్ లేచినా, డిస్కు తడబడినా 100, 200 మిల్లీసెకన్ల విరామం మామూలే. అందువల్ల రెండు బిందెల వెనుక ఒక తొట్టి కూడా కావాలి. 100 మిల్లీసెకన్ల విరామానికి 15,360 బైట్లు పడతాయి. 'బ్లూ పిల్' పేరుతో దొరికే ఎస్‌టీఎం32ఎఫ్103 బోర్డుల్లో మొత్తం మెమరీయే 20 కిలోబైట్లు. 200 మిల్లీసెకన్లు ఆగితే పొంగిపోతుంది. పికోలో 264 కిలోబైట్లు ఉన్నాయి. అందులో 2 లక్షల బైట్లు కేటాయించినా 1.3 సెకన్ల విరామాన్ని తట్టుకుంటుంది. బోర్డు కొనేటప్పుడు అందరూ ప్రాసెసర్ వేగం చూస్తారు. ఈ పనిలో మెమరీ పరిమాణమే ఎక్కువ కాపాడుతుంది.

కంప్యూటర్ వైపు పని

తప్పు బోర్డుదే అనుకుని వారాలు వెచ్చించాక, కంప్యూటర్‌లోని ప్రోగ్రామే నెమ్మదిగా ఉందని తేలడం తరచూ జరిగేదే. పైథాన్‌లో ఒక్కో బైటు చదివే ప్రోగ్రాము సెకనుకు లక్షన్నర బైట్ల ధాటికి నిలవదు. అదే పైథాన్ ఒకేసారి వేల బైట్ల ముక్కలుగా చదివితే హాయిగా నిలుస్తుంది. చదివే పనికి ఒక థ్రెడ్, ఫైల్‌లో రాసే పనికి ఇంకొకటి, గ్రాఫు గీసే పనికి మరొకటి పెట్టి, మధ్యలో క్యూ ఉంచాలి. గ్రాఫు ఆలస్యమైనా చదవడం ఆగకూడదు. తెరపై వెయ్యి చుక్కలే పడతాయి కాబట్టి ప్రతి శాంపిల్‌నూ గీయనక్కర్లేదు. ఫైల్ బైనరీలోనే ఉండాలి. కంప్యూటర్ నిద్రలోకి వెళ్లే సెట్టింగు, యూఎస్‌బీకి విద్యుత్ ఆదా సెట్టింగు రెండూ ఆపేయాలి.

ఎఫ్‌టీడీఐ చిప్‌లు వాడితే ఇంకో విషయం. డ్రైవర్‌లో 16 మిల్లీసెకన్ల 'లేటెన్సీ టైమర్' ముందుగానే పెట్టి ఉంటుంది. చిన్న ముక్కలు అంతసేపు ఆగి వస్తాయి. నిరంతర ప్రవాహానికి నష్టం లేదు, కానీ కంప్యూటర్‌కు చేరిన సమయాన్ని కొలిచిన సమయంగా రాసుకుంటే తప్పవుతుంది. శాంపిల్ సమయాన్ని బోర్డు గడియారమే చెప్పాలి.

పోయిందని తెలియకపోవడమే ప్రమాదం

డేటా పోవడం కంటే, పోయిందని తెలియకపోవడం ప్రమాదకరం. ప్రతి 20 శాంపిళ్లలో ఒకటి పోతోందనుకుందాం. ఫైల్‌లో అన్నీ వరుసగానే కనిపిస్తాయి. ప్రోగ్రాము మాత్రం సెకనుకు 25,600 వచ్చాయనే నమ్ముతుంది. అప్పుడు 90 హెర్ట్జ్ కంపనం 94.7 హెర్ట్జ్‌గా కనిపిస్తుంది. బయటి రింగు గాటు గుర్తు అక్కడ ఉండదు కాబట్టి విశ్లేషకుడు బేరింగు బాగుందని తేల్చేస్తాడు. ముక్కలు ముక్కలుగా పోతే ఇంకో చిక్కు. అతుకు పడిన ప్రతిచోటా తరంగం తెగి, లేని పౌనఃపున్యాలు పుడతాయి. సెకనుకు 10 సార్లు అలా తెగితే, యంత్రంలో లేని 10 హెర్ట్జ్ జాడ గ్రాఫులో వెలుస్తుంది. బాగున్న బేరింగును విప్పితే ఉత్పత్తి పోతుంది, పాడైనదాన్ని వదిలేస్తే యంత్రం పోతుంది.

అందుకే డేటాను ఫ్రేములుగా కట్టి పంపాలి. ఒక్కో 10 మిల్లీసెకన్ల ముక్కకు వరుస సంఖ్య, అప్పటిదాకా కొలిచిన మొత్తం శాంపిళ్ల లెక్క, చివర తప్పు పట్టే సీఆర్‌సీ సంకేతం ఉండాలి. సెకనుకు 100 ఫ్రేముల చొప్పున 32 బిట్ల వరుస సంఖ్య 497 రోజులకు గానీ మళ్లీ సున్నాకు రాదు.

ఫ్రేము ఎక్కడ మొదలైందో గుర్తించడానికి రెండు ప్రత్యేక బైట్లు పెట్టడం చాలామంది చేసేది. కానీ అవే రెండు బైట్లు శాంపిళ్లలోనూ రావచ్చు. స్టువర్ట్ చెషైర్, మేరీ బేకర్ రూపొందించిన 'కాబ్స్' పద్ధతి దీనికి చక్కని జవాబు. డేటాలో సున్నా బైటు లేకుండా మార్చి, సున్నాను ఫ్రేము సరిహద్దుగానే వాడతారు. ప్రతి 254 బైట్లకు మహా అయితే ఒక బైటు అదనం. తీగ మధ్యలో ఊడి మళ్లీ తగిలినా, తర్వాతి సున్నా దగ్గర ప్రోగ్రాము మళ్లీ దారిలో పడుతుంది.

బోర్డులో తొట్టి పొంగితే కూడా నిశ్శబ్దంగా పారబోయకూడదు. ఎన్ని పోయాయో లెక్కపెట్టి తర్వాతి ఫ్రేములో చెప్పాలి. విశ్లేషణ ప్రోగ్రాము ఖాళీ ఉన్న భాగాన్ని అతికించకుండా వదిలేయాలి.

మిల్లులో పరిస్థితి వేరు

ప్రయోగశాల బల్లపై నడిచింది మిల్లులో నడవకపోవచ్చు. పెద్ద మోటార్లను నడిపే డ్రైవ్‌ల నుంచి విద్యుదయస్కాంత రొద వస్తుంది. యంత్రం ఎర్త్‌కూ కంప్యూటర్ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ తేడా ఉంటే అది తీగ గుండా ప్రవహించి కొలతను చెడగొడుతుంది, ఒక్కోసారి యూఎస్‌బీ పోర్టునే కాల్చేస్తుంది. యూఎస్‌బీ తీగకు 5 మీటర్లు హద్దు. ఆర్‌ఎస్ 485 పద్ధతి 1,200 మీటర్లు వెళుతుంది గానీ అంత దూరానికి వేగం సెకనుకు లక్ష బిట్ల స్థాయికి పడిపోతుంది. వేగం, దూరం రెండూ కావాలంటే ఈథర్‌నెట్, అంతకు మించితే ఆప్టికల్ ఫైబర్. ఫైబర్‌కు విద్యుత్ రొద అంటదు.

రోలింగ్ మిల్లులో మోటారు వేగం స్థిరంగా ఉండదు. ఎర్రగా కాలిన ఉక్కు స్టాండు రోలర్ల మధ్యకు దూరగానే భారం ఒక్కసారిగా పడి వేగం క్షణకాలం తగ్గుతుంది. పదుల మిల్లీసెకన్లలో ముగిసే ఈ కుదుపు, నెమ్మదిగా కొలిచే నియంత్రణ వ్యవస్థ రికార్డులో సరిగా కనబడదు. వేగం మారితే 90 హెర్ట్జ్ గుర్తు కూడా మారుతుంది. కాబట్టి చుట్టుకొక పల్సు ఇచ్చే సెన్సార్‌ను కంపనంతో పాటు అదే బోర్డుపై, అదే గడియారంతో నమోదు చేయాలి. రెండు వేర్వేరు బోర్డులైతే గడియారాలు విడిపోతాయి. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా రోజుకు 4.3 సెకన్లు తప్పుతుంది. రెండింటికీ ఒకే పల్సు పంపి కలపాలి.

రెండు జాగ్రత్తల్లో మినహాయింపు లేదు. గ్యాస్ ఉండే ప్రాంతాల్లో, పేలుడు నిరోధక ధ్రువీకరణ లేని బోర్డును గానీ ల్యాప్‌టాప్‌ను గానీ పెట్టకూడదు. కొలత బోర్డును యంత్రాన్ని నడిపే నియంత్రణ నెట్‌వర్కుకు తగిలించకూడదు. కొలిచేది చూడటానికే, నడపడానికి కాదు. ఉక్కు మిల్లుల్లో జర్మనీకి చెందిన ఐబా వంటి సంస్థల డేటా సేకరణ వ్యవస్థలను ఖరీదైనా వాడటానికి కారణం ఈ నమ్మకమే. చవక బోర్డు వాటికి బదులు కాదు. అవి చేరని చిన్న పంపు దగ్గర, చిన్న ఫ్యాను దగ్గర దాని అవసరం ఉంది.

అన్నీ పంపాలా?

పట్టాలో లోపలి పగుళ్లను వెతికే అల్ట్రాసోనిక్ పరీక్షల్లో తరంగాల పౌనఃపున్యం 20 లక్షల నుంచి 40 లక్షల హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఆ తరంగాన్ని పూర్తిగా పట్టాలంటే సెకనుకు కోట్ల శాంపిళ్లు కావాలి. మామూలు మైక్రోకంట్రోలర్ దాన్ని కొలవనూ లేదు, పంపనూ లేదు. అక్కడ ఎఫ్‌పీజీఏ వంటి వేగవంతమైన చిప్ ప్రతిధ్వని ఎప్పుడొచ్చింది, ఎంత బలంగా వచ్చింది అన్న రెండు సంఖ్యలను తేల్చి, వాటినే పంపుతుంది.

కంపనంలోనూ ఈ ఆలోచన పనికొస్తుంది. బేరింగు గంటలో మారిపోదు. గంటకు ఒకసారి 10 సెకన్ల పూర్తి డేటా పంపితే 15,36,000 బైట్లు, రోజుకు సుమారు 37 మెగాబైట్లు. 13 గిగాబైట్ల పక్కన ఇది లెక్కలోకి రాదు. మిగతా సమయమంతా సగటు కంపన తీవ్రతను మాత్రం పంపుతూ, అది హద్దు దాటగానే పూర్తి డేటాకు మారవచ్చు. అయితే తొలి రోజుల్లో నిరంతర ప్రవాహం తప్పదు. ఏది మామూలో, ఏది కాదో తెలియకుండా బోర్డుకు హద్దు ఎలా చెప్పగలం?

నమ్మే ముందు పరీక్ష

పద్ధతి తేలికే. సెన్సార్‌ను పక్కనపెట్టి, శాంపిళ్ల స్థానంలో ఒకటొకటిగా పెరిగే సంఖ్యను పంపాలి. కంప్యూటర్‌లో మిగతా పనులూ చేస్తూ 24 గంటలు నడపాలి. ఎక్కడ ఒక సంఖ్య దాటిపోయినా ప్రోగ్రాము చెప్పాలి. ఆ తర్వాత సిగ్నల్ జనరేటర్ నుంచి 1,000 హెర్ట్జ్ తరంగం ఇచ్చి, గ్రాఫులో సరిగ్గా అక్కడే ఒకే గీత వస్తోందా చూడాలి. చివరగా తీగను కావాలనే ఊడదీసి, మళ్లీ తగిలించి, ఎంత పోయిందో లెక్క సరిగ్గా వస్తోందా చూడాలి. ఈ మూడూ నెగ్గిన బోర్డునే యంత్రం దగ్గరకు తీసుకెళ్లాలి.

1986లో మొదలైన భిలాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, 2016లో మొదలైన ఐఐటీ భిలాయ్ కర్మాగారానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. సోవియట్ సహకారంతోనే రూపుదిద్దుకున్న విశాఖ ఉక్కు చుట్టూ కూడా ఇంజినీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. ఎల్‌ఈడీలు వెలిగించే ప్రాజెక్టుకు బదులు ఒక పాత పంపు కంపనాన్ని ఒక్క శాంపిలూ పోకుండా వారం రోజులు నమోదు చేస్తే, విద్యార్థికి డీఎంఏ, యూఎస్‌బీ, పౌనఃపున్య విశ్లేషణ ఒకేచోట వస్తాయి. మెయింటెనెన్స్ విభాగానికి ఆ పంపు గురించి అంతకుముందు తెలియని ఒక సంగతి తెలుస్తుంది.